ఏడు వాకిళ్ళ మాటలు

వెలుగు సంతతివాళ్ళ మందిరానికి చక్రవర్తి పేరు మీద తాళం పడి ఆరు రోజులైంది. షుమూన్ పట్టణంలో ఆ మతానివి ముప్పై కుటుంబాలుంటే, ఇరవై తొమ్మిది కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పడవలెక్కి ఎగువకు వెళ్ళిపోయాయి. మిగిలింది తమీన్ ఇల్లొక్కటే. ఆమె బావగారు ఇసిడోర్ మంచం పట్టి నెలైంది. ఆయన్ని కదిపితే పడవ దాకా కూడా బతకడని వైద్యుడు చెప్పాడు. అందుకని తమీన్ ఆగిపోయింది.

గురువు హెర్మియాస్ పడవెక్కేముందు ఒక్క పుస్తకం ఆమె చేతిలో పెట్టి వెళ్ళాడు. ప్రాణం పోయేవాడికి చదివి వినిపించే పుస్తకం అది. ఈ లోకం దాటి పైకి పోయే ఆత్మను ఏడు వాకిళ్ళ దగ్గర ఏడుగురు కావలివాళ్ళు ఆపుతారు. ఎవరికి ఏం జవాబు చెప్పాలో అందులో ఉంది. "ముసలాయనకు చదివించు. తర్వాత ఏట్లో వదిలెయ్," అన్నాడు హెర్మియాస్. చదివేదెవరో మాత్రం చెప్పలేదు. తమీన్ కళ్ళకు పొరలు కమ్మి మూడేళ్ళైంది. మనుషులు నీడల్లా కనిపిస్తారు, అక్షరాలు అసలే కనిపించవు.

ఆ రోజు ఉదయం ఇసిడోర్ గొంతులో గురక మొదలయ్యేసరికే గుమ్మం ముందు ఇద్దరు భటులను వెంటబెట్టుకుని చర్చి పెద్ద కొలూత్ వచ్చి నిలబడ్డాడు.

"పుస్తకం ఇచ్చెయ్ అమ్మా," అన్నాడు గుమ్మం అవతలి నుంచే. "పొద్దు తిరిగేలోపు చౌకులో మంట వేస్తారు. నువ్వే తెచ్చి ఇచ్చావని రాయించుకుంటాను. నీకే ఇబ్బందీ రాకుండా చూస్తాను."

తమీన్‌కు అతని మొహం కనిపించలేదు. నల్లటి అంగీ ఒకటి, దాని మీద నెరుస్తున్న గడ్డం మసగ్గా తెలిశాయంతే. గొంతు మాత్రం బాగా తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట ఈ ఇంటి అటక మీద నారకట్టల వెనక నుంచి 'పిన్నీ, దాహం' అని గుసగుసలాడిన గొంతది.

"లోపలికి రా అయ్యగారూ. వీధిలో నిలబడి అడిగితే ఇచ్చే వస్తువా అది?"

"ఏంటయ్యా ఈ బతిమాలుకోవడం?" అన్నాడు ఒక భటుడు. "పాములకు పూజ చేసే కొంప ఇది. నన్ను వదిలితే చిటికెలో సోదా చేసి తెస్తాను. ఏమే ముసలమ్మా, పాములెక్కడ పెట్టుకున్నావు?"

"ఒక్కటే ఉంది నాయనా. లోపల మంచం మీద పడుకుంది. లేవలేదు, బుసకొట్టలేదు. అయినా నీకు భయమైతే బయటే ఉండు."

రెండో భటుడు ఫక్కున నవ్వాడు. మొదటివాడు ఇంకేదో అనబోతుంటే కొలూత్ చెయ్యెత్తి ఆపి, చెప్పులు విప్పి, ఒక్కడే లోపలికి వచ్చాడు. తలుపు దగ్గర తల వంచాడు. ఆ గుమ్మం పైకమ్మీ తక్కువ ఎత్తులో ఉంటుందని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

గదిలో ముల్లంగి నూనె వాసన, ముసలి ఒంటి వాసన కలిసి కొడుతున్నాయి. ఇసిడోర్ చాప మంచం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. ఈతనార తాళ్ళు పేనీ పేనీ కాయలు కాచిన చేతులు దుప్పటి మీద ఉన్నాయి. తల కింద దిండు లేదు. తోలు అట్ట వేసిన పుస్తకం ఉంది.

"అదే," అంది తమీన్. "తీసుకుపో. కానీ ముందు చదివిపెట్టు."

కొలూత్ ఉలిక్కిపడ్డాడు. "నేనా?"

"ఊళ్ళో ఆ రాత చదవగలిగినవాళ్ళు ఇంకెవరున్నారు? నలభై ఒక్క రోజులు ఆ అటక మీద నిన్ను దాచినప్పుడు మా ఆయన మందిరం నుంచి తెచ్చి అక్షరాలు దిద్దించింది ఈ పుస్తకంలోనే కదా. అప్పటికి నువ్వు చర్చి తలుపులు తీసేవాడివి. నీ పేరు రాయడం కూడా రాదు."

"అమ్మా, నేనిప్పుడు చర్చి పెద్దని. ఆ మాటలు నా నోట పలకకూడదు. అవి... తప్పుదారి మాటలు. బిషప్‌కి తెలిస్తే..."

"మీ బిషప్ ఈ గదిలో లేడు. ఈయన ఉన్నాడు. ఈయనకు ఇంకో గంటో రెండు గంటలో ఉంది. తప్పు దారైతే తప్పు దారే, ఆయన దారి ఆయనకు చెప్పి పంపించు. చదవడం అవగానే నా చేత్తో నేనే పుస్తకం నీ చంకలో పెడతాను. మాటంటే మాట."

కొలూత్ ముసలాయన తల కింది పుస్తకాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళ కిందట, అప్పటి చక్రవర్తి క్రీస్తు పేరెత్తిన ప్రతి పుస్తకాన్నీ కాల్చమన్నాడు. చర్చివాళ్ళెవరో, వెలుగు సంతతివాళ్ళెవరో సైనికులకు తేడా తెలిసేది కాదు. తమ సువార్తలను ఎక్కడ దాచాలో తెలియక చర్చివాళ్ళు పెబో దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. తమీన్ మొగుడు పెబో వాటిని నూనె జాడీల్లో పెట్టి పెరట్లో పాతాడు. ఇప్పటి చక్రవర్తి తానే క్రీస్తు పక్షం చేరి, తనకు నచ్చని క్రైస్తవుల పుస్తకాలు కాల్చమంటున్నాడు. మంట వేసే చోటు మాత్రం మారలేదు. అదే చౌకు.

"పిన్నీ," అన్నాడు చివరికి. అంతసేపటికి నోటికి వచ్చింది ఆ పిలుపు. "తలుపు వెయ్యి."

ఇసిడోర్ తలను తమీన్ రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది, కొలూత్ పుస్తకం లాగాడు. అలా ఎత్తినప్పుడు ఆమెకు ఒక సంగతి తట్టింది. ఇరవై రెండేళ్ళలో బావగారిని ముట్టుకోవడం ఈ నెలలోనే. అదీ రోగి కాబట్టి.

పెబోను పట్టుకెళ్ళిన రోజే ఇసిడోర్‌నూ పట్టుకెళ్ళారు. నాలుగో రోజున ఇసిడోర్ తిరిగి వచ్చాడు, ఒంటి మీద గీత లేకుండా. పెబో రాలేదు. అతని ఒక కన్ను పెరికి, ఎడమ కాలి నరం కోసి, తూర్పు కొండల్లో రాళ్ళు కొట్టడానికి పంపించారు. అక్కడి నుంచి ఎవరూ రారు, పెబో కూడా రాలేదు. పెరట్లో జాడీలున్న సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికి తెలుసు? ఊరంతా లెక్కగట్టుకుంది. తాళ్ళు పేనేవాళ్ళ సంఘం ఇసిడోర్‌ని వెలివేసింది. వీధిలో పిల్లలు కూడా 'తమ్ముణ్ణి అమ్ముకున్నోడు' అని అరిచేవాళ్ళు. వచ్చిన కొత్తల్లో ఒకే ఒక్కసారి అతను తమీన్ ముందు నిలబడి, "నేను చెప్పలేదమ్మా," అన్నాడు. "నేను అడగలేదు," అంది తమీన్.

అంతే. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఆ ఊసు రాలేదు. ఇంటికి మగదిక్కు అతనే గనక పొమ్మనలేదు. నీళ్ళు తెచ్చేవాడు, కప్పు నేసేవాడు, వరదకు కూలిన గోడ మళ్ళీ కట్టేవాడు. ఆమె రొట్టె, పప్పు గిన్నె తెచ్చి నేల మీద పెట్టి వెళ్ళిపోయేది. ఎదురుగా కూర్చుని ఒక్క పూట తినలేదు. అయినా ఈ పుస్తకం కోసం ఆగింది. ఎవరి పాపం ఎంతైనా దారి తెలియకుండా మనిషిని పంపకూడదని వాళ్ళ మతం.

కొలూత్ చదవడం మొదలుపెట్టాడు. మొదట్లో తడబడ్డాడు. రెండో పుటకు వచ్చేసరికి నాలుక దారిన పడింది.

"మొదటి వాకిలి కావలివాడు అడుగుతాడు, ఎక్కడి నుంచి వస్తున్నావని. జంకకు. 'నువ్వు పుట్టకముందు నుంచీ వెలుగుతున్న ఇంటి నుంచి' అని చెప్పు. అతను పక్కకు తొలగుతాడు. రెండో వాకిలి కావలివాడు అడుగుతాడు, ఈ మట్టి ఒళ్ళు ఎవరిదని. 'మాకు అరువిచ్చినవాడిది, వాడికే వదిలేశాను' అని చెప్పు..."

ఇసిడోర్ పెదవులు కదిలాయి. శబ్దం లేదు గాని ఆ మాటలతో పాటే కదిలాయి. తమీన్ తడిగుడ్డతో ఆయన నోరు తుడుస్తూ ఆ కదలికను వేళ్ళతో కనిపెట్టింది. చదువు మూడో వాకిలి దాటింది.

"నాలుగో వాకిలి కావలివాడు కఠినుడు. నీ నోటి వెంట ఎవరి పేరు జారిందని అడుగుతాడు. నువ్వు..."

ఇసిడోర్ కళ్ళు తెరిచాడు. దుప్పటి మీది చెయ్యి లేచి కొలూత్ మణికట్టు పట్టుకుంది. చచ్చిపోయే మనిషి పట్టు కాదది, తాళ్ళు పేనే మనిషి పట్టు.

"లేదయ్యా," అన్నాడు ఇసిడోర్. గొంతు బొంగురుగా, స్పష్టంగా ఉంది. "ఎవరి పేరూ నా నోట జారలేదు. మా తమ్ముడి పేరు నేను చెప్పలేదు. వాడే నన్ను విడిపించాడు, 'ఇతను మా కూలివాడు, ఏమీ ఎరగడు' అని. నేను నోరెత్తి కాదనలేదు. అదొక్కటే నా తప్పు. దానికి నన్ను ఆపుతానంటే ఆపండి, ఇక్కడే నిలబడతాను. కానీ ఆ పిల్లకు ఎవరైనా కాస్త కబురు చెప్పండయ్యా. ఇరవై రెండేళ్ళు నాకు రొట్టె పెట్టింది. ఒక్కసారీ మొహం చూసి పెట్టలేదు."

"బావగారూ," అంది తమీన్. "ఇప్పుడవన్నీ ఎందుకు? చదవనివ్వండి. కొలూత్, ఆగావేం? చదువు."

పుస్తకం మూసిన చప్పుడైంది.

"చదవమంటున్నాను కదా!"

"చదవలేను పిన్నీ."

"ఏం, మళ్ళీ బిషప్ గుర్తొచ్చాడా?"

"ఆయన చెప్పలేదు పిన్నీ. చెప్పింది నేను."

తమీన్‌కు మొదట అర్థం కాలేదు. అతను చదువుతున్న మాటల్లోదే ఇదీ ఒక మాటేమో అనుకుంది.

"మా అమ్మను చూసి వస్తానని పొద్దున్నే బయల్దేరాను, గుర్తుందా? వద్దన్నావు. నేను వినలేదు. కాలవ దగ్గర పట్టుకున్నారు. ఠాణాలో కూర్చోబెట్టి, పుస్తకాలెక్కడున్నాయని అడిగారు. పెబో చిన్నాన్న పేరు చెప్పాను. పెరట్లో అంజూరపు చెట్టు కింద జాడీలని కూడా చెప్పాను."

తమీన్ చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది. నీళ్ళు మోచేతి మీదుగా కారుతున్నాయి.

"ఒళ్ళు చీల్చే కొక్కేలు వేశారా నీకు?" అని అడిగింది.

"లేదు."

"మరి?"

"గోడకు వేలాడుతున్నాయి. వాటివైపు చూపించారు. అంతే."

"ఆ రోజు నీకు ఖర్జూరాలు మూటకట్టి ఇచ్చాను. మీ అమ్మకు ఇమ్మని."

"వాళ్ళే తిన్నారు పిన్నీ. నా ముందే కూర్చుని తిన్నారు. తిని, గింజలు ఊసి, నన్ను పొమ్మన్నారు."

"ఆ వీపు మీది మచ్చలు? పండగ పండగకూ జనం వచ్చి ముట్టుకుని కళ్ళకద్దుకుంటారే?"

"రెల్లు తుప్పల్లో పడి పరుగెత్తాను. అవి గీరుకున్నవి. ఎవరో చూసి, హింసపడ్డా నోరు విప్పలేదు అన్నారు. నేను కాదనలేదు. ఒక్కరోజు కాదనలేదు. మర్నాడు ఇంకా కష్టమైంది. తర్వాత ఇక కుదర్లేదు."

తమీన్ అరవలేదు. అతన్ని కొట్టాలనీ అనిపించలేదు. ఆమె బుర్రంతా ఆ మట్టి గిన్నె ఒక్కటే తిరుగుతోంది. రోజూ నేల మీద పెట్టి, పెట్టిన చప్పుడు వినపడగానే వెనక్కి తిరిగి వచ్చేసిన గిన్నె. ఏడాదికి ఎన్ని రోజులు, ఎన్ని పూటలు! ఒక్క పూటైనా, పప్పులో ఉప్పు సరిపోయిందా బావగారూ అని అడిగి ఉండవచ్చు కదా. ఆయన ఏం చేశాడు? ఉప్పు లేకపోతే లేకుండానే తిన్నాడు. నింద వేస్తే ఎత్తుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆమె వంగి ఇసిడోర్ చెవి దగ్గర నోరు పెట్టింది.

"బావగారూ. నేను తమీన్‌ని. ఆ రోజు అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను. మీరు చెప్పారా?"

ముసలాయన కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఆమెకు అవి ఎటు చూస్తున్నాయో కనిపించలేదు. వేళ్ళు కొలూత్ మణికట్టు వదిలి దుప్పటి మీద పడ్డాయి. తమీన్ ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. కాయలు కాచిన అరచెయ్యి గరుగ్గా తగిలింది.

"చెప్పలేదు కదూ? నాకు తెలుసు. ఇప్పుడు తెలిసింది. వింటున్నారా? ఒక్కసారి వేలు కదపండి బావగారూ, విన్నానని."

గురక పెద్దదైంది. వేలు కదిలిందో, ఆమె చెయ్యే వణికిందో తేలలేదు.

"చదువు," అంది కొలూత్ వైపు తిరిగి. "నాలుగో వాకిలి దగ్గర ఆయన్ని నిలబెట్టావు. మిగతావి చదువు. ఏడిస్తే ఏడువు గాని అక్షరం మింగకు."

కొలూత్ చదివాడు. నాలుగో వాకిలి జవాబు చదివాడు, అయిదోది చదివాడు. ఆరో వాకిలి కావలివాడు 'నీకోసం ఎవరు ఏడుస్తున్నారు' అని అడిగే చోట ఇసిడోర్ ఊపిరి ఒకసారి పైకి లేచి మళ్ళీ దిగలేదు. కొలూత్ ఆగబోతే తమీన్ ఊరుకోలేదు. ఏడోది కూడా చివరి మాట దాకా చదివించింది. తర్వాత బావగారి కళ్ళు మూసి, గడ్డం కట్టి, ఒళ్ళు తుడిచింది. ఉతికిన నారబట్ట ఒకటి తన చావు కోసం దాచుకున్నది పెట్టెలో ఉంటే, తీసి ఆయనకు చుట్టింది. కొలూత్ సాయం పట్టబోతే వద్దంది.

అన్నీ అయ్యాక పుస్తకం తీసి అతని చంకలో పెట్టింది.

"మాట ఇచ్చాను, తీసుకో. నీ దగ్గర ఒక మాట తీసుకోవాలి నేను."

"నన్నేం చెయ్యమంటావు పిన్నీ? శాపనార్థాలు పెట్టు, పడతాను."

"నీకు శాపం పెట్టి ఈయన్ని లేపగలనా? పడమటి ఇసకలో పూడ్చడానికి ఈయన్ని చౌకు మీదుగానే మొయ్యాలి. ఊరంతా అక్కడే ఉంటుంది మంట చూడ్డానికి. అక్కడ నిలబడి, ఇప్పుడు నాకు చెప్పింది వాళ్ళకు చెప్పు."

"చెబితే ఈ అంగీ ఉండదు. నా చేతి మీదుగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఏమైపోతారు? నా భార్య, నా పిల్లలు..."

"అంగీ సంగతి నాకు తెలియదు. ఈయన పేరు నీ దగ్గరుంది. తిరిగి ఇచ్చెయ్."

కొలూత్ వెళ్ళి తలుపు తీశాడు. "ముసలి పాము పోయిందా?" అన్న భటుడు లోపలి మంచాన్ని చూసి నోరు మూసుకున్నాడు. మొయ్యడానికి ఇరుగుపొరుగు ఎవరూ రాలేదు. చివరికి నవ్విన భటుడే బల్లెం గోడకు ఆనించి వెనక వైపు పట్టాడు, "మా నాన్నకూ నేనొక్కణ్ణే మోశాను," అని గొణుక్కుంటూ. ముందు వైపు కొలూత్ భుజం పెట్టాడు. తమీన్ మంచం పట్టె పట్టుకుని పక్కన నడిచింది.

చౌకులో నాలుగు స్తంభాల మధ్య మంట అప్పటికే అంటించారు. తమీన్‌కు ఎర్రటి మరక ఒకటి కనిపించింది, సెగ చెంపలకు తగిలింది. కాలుతున్న జమ్ము కాగితం వాసన, తోలు వాసన. జనం గోల ఒక్కసారిగా తగ్గింది.

"ఎవరిదయ్యా శవం?"

"ఇంకెవరిది, ఇసిడోర్‌ది. తమ్ముణ్ణి అమ్ముకున్నోడిది."

"వాడి పీనుగ మా వీధి మీంచి పోవడానికి వీల్లేదు! చుట్టూ తిప్పి తీసుకుపొండి!" అరిచాడు తాళ్ళవాళ్ళ సంఘం పెద్ద. అతని కర్ర రాతి నేల మీద టకటకా మోగుతూ ముందుకొచ్చి మంచానికి అడ్డం పడింది.

కొలూత్ ఆగాడు. మంచం కిందికి దించాడు. తమీన్ పక్కన నిలబడి అతని ఊపిరి వింటోంది.

"అయ్యలారా," అన్నాడు కొలూత్. గొంతు పీలగా వచ్చింది. మళ్ళీ ఎత్తుకున్నాడు, ఈసారి గట్టిగా. "అయ్యలారా, అమ్మలారా! ఇరవై రెండేళ్ళ కిందట..."

చౌకు మెట్ల మీద నుంచి ఎవరో గబగబా దిగి వచ్చారు. పట్టు అంగీ గరగరలాడింది. సాంబ్రాణి వాసన తమీన్ మొహానికి దగ్గరగా కొట్టింది. బిషప్. చూసేవాళ్ళకు చర్చి పెద్దను ఓదార్చడానికి కౌగిలించుకున్నట్టే ఉండి ఉంటుంది. నోరు మాత్రం అతని చెవికి ఆనించి, పెదవులు కదిపీ కదపకుండా మాట్లాడాడు.

"నోరు ముయ్యి కొలూత్. నువ్వేం చెప్పబోతున్నావో నాకు తెలుసు. ఇవాళ కాదు, ఆ రోజే తెలుసు. ఠాణాలో పక్క గదిలో నేనూ ఉన్నాను, నువ్వు చెప్పిందంతా విన్నాను. అసలు ఆ పెబో కొండల్లో చచ్చాడని నీకెవరు చెప్పారు?"

తమీన్ కళ్ళకు పొరలు కమ్మాయి. చెవులకు కమ్మలేదు.